డిస్కౌంట్ మార్ట్‌లో నెల సరుకులు: మా అపార్ట్‌మెంట్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు. మా సందు చివర ఒక డిస్కౌంట్ కిరాణా మార్ట్ ఉంది. ఫ్లాట్‌లోకి కొత్తగా దిగినవాళ్లు పాల ప్యాకెట్ ఎవరు వేస్తారని అడిగాక, తర్వాత అడిగేది ఆ మార్ట్ గురించే. పదమూడేళ్లుగా మా ఇంటికి నెల సరుకులు తెచ్చేది నేనే కాబట్టి వాచ్‌మన్ అందరినీ నా దగ్గరికే పంపిస్తాడు. లిఫ్ట్‌లో చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. మార్ట్ పేరు రాయడం లేదు. ఇందులో చాలావరకు మీ ఊళ్లో మార్ట్‌కీ సరిపోతుంది.

నిజంగానే చవకా, బోర్డుల హడావుడేనా?

చవకే. అయితే అన్నీ కాదు. సబ్బులు, పేస్టు, షాంపూ, బట్టల పౌడరు, టీపొడి, బిస్కెట్లు, ప్యాకెట్ నూనె లాంటివి, అంటే కంపెనీ పేరుతో ఎమ్మార్పీ అచ్చేసుకుని వచ్చే సరుకు, దాదాపు ఎప్పుడూ తక్కువకే దొరుకుతుంది. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని అర్థం. తగ్గించి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు.

మా ఇంటి లెక్కలో నాలుగు వేల సరుకుకి మూడు నాలుగు వందలు మిగులుతుంది. చిక్కేమిటంటే ఆ డబ్బు గేటు దాటి బయటికి రాదు. బిల్లింగ్‌కి వెళ్లే దారిలోనే మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, డోర్‌మ్యాట్, పిల్లల నైట్ డ్రెస్సు పెడతారు. 'ఈ కొనుగోలులో మీకు మిగిలింది ఇంత' అని బిల్లు కింద అచ్చేసి ఇస్తారు గానీ, చీటీలో లేనివాటికి ఎంత పెట్టామో ఎవరూ అచ్చేయరు. ఆ పని నేను ఇంటికొచ్చాక పెన్నుతో చేస్తాను. చీటీలో లేని ప్రతి వస్తువు పక్కనా ఒక గీత. కిందటి నెల ఏడు గీతలు, 612 రూపాయలు. మిగిలిందని అచ్చేసింది 388.

అంత తక్కువకి వాళ్లకెలా గిట్టుబాటవుతుంది? సరుకు నాసిరకమా?

కంపెనీ సబ్బు ఎక్కడ కొన్నా అదే సబ్బు. తేడా అంతా వ్యాపారం చేసే పద్ధతిలో ఉంది. డీమార్ట్‌నే తీసుకోండి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పోవైలో మొదటి స్టోరు తెరిచారు. వాళ్లు చాలావరకు అద్దెకు తీసుకోకుండా స్థలం సొంతంగా కొనుక్కుని స్టోరు పెడతారు, కాబట్టి ఏటేటా పెరిగే అద్దె బాధ ఉండదు. సరుకు పంపిన కంపెనీలకి నెలల తరబడి తిప్పకుండా త్వరగా డబ్బు చెల్లిస్తారు, అందుకు బదులుగా రేటు తగ్గించుకుంటారు. ఎక్కువ అమ్ముడుపోయే రకాలే పెడతారు. ర్యాక్ మీద సరుకు త్వరగా కరిగిపోతే ఒక్కో ప్యాకెట్ మీద రూపాయి మిగిలినా చాలు.

మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది. అక్కడి ఆల్డీ అనే డిస్కౌంట్ స్టోర్లలో సరుకు సర్దరట, అట్టపెట్టె ముందువైపు చింపి పెట్టెతోనే ర్యాక్‌లో పెట్టేస్తారట. ట్రాలీ కావాలంటే నాణెం వేయాలి, తిరిగి తెచ్చి దాని చోట తగిలిస్తే నాణెం వెనక్కి వస్తుంది. ట్రాలీలు ఏరుకొచ్చే మనిషి జీతం మిగిలినట్టే. మన దగ్గర ఆ నాణెం పద్ధతి పెడితే చిల్లర కోసం మళ్లీ ఇంకో కౌంటర్ పెట్టాలి.

ఏవి ఇక్కడ కొనాలి, ఏవి వద్దు?

సబ్బులు, పౌడర్లు, నూనె, టీ, కాఫీ, ఉప్పు, పంచదార, గోధుమపిండి కళ్లు మూసుకుని కొనండి. పప్పులు చూసి కొనండి. మా అత్తగారు కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తారు. పొడి రాలి అరచేతికి తెల్లగా అంటుకుంటే పాతదంటారు. మరీ అద్దంలా మెరిస్తే పాలిష్ పట్టిందని పక్కన పెట్టేస్తారు. విడిగా పోసిన డబ్బా దగ్గరైతే ఇదంతా చేయొచ్చు, ప్యాకెట్‌లో పప్పుకి కుదరదు. తాండూరు కందిపప్పు అని కనిపిస్తే ఒక కిలో తెచ్చి చూడండి. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. త్వరగా ఉడుకుతుంది, రుచీ వేరు.

కూరగాయలు నేనిక్కడ కొనను. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో కూరగాయల సంచి అటే వెళ్తుంది. మార్ట్‌లో ఏసీ కింద పెట్టిన బెండకాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, విరిస్తే విరగదు. ఉల్లి, బంగాళాదుంప మాత్రం ఆఫర్ రోజున బాగానే ఉంటాయి. జీడిపప్పు, కిస్‌మిస్, ఏలకులు, లవంగాలు ఏడాదికి రెండుసార్లు పాతబస్తీ వైపు బేగంబజార్ హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లి తెచ్చుకుంటాం. ఏలకుల విషయంలో ఆ తేడా ఆటో ఖర్చు పోయినా మిగులుతుంది.

ఆవకాయ రోజుల్లో సంగతి వేరు. నూనె, ఉప్పు మార్ట్‌లో తెస్తాను. కారం, ఆవపిండి మాత్రం తెలిసిన మిల్లులో కళ్లముందు పట్టించినవే. ఏడాది నిలవుండాల్సిన జాడీలోకి ఎప్పుడు పట్టారో తెలియని కారం వేయలేను.

బియ్యం మార్ట్‌లోనా, బియ్యం కొట్టులోనా?

బియ్యం కొట్టులో. కారణం రేటు కంటే మాట. కొట్టులో 'ఒక కిలో తీసుకెళ్లి వండి చూడమ్మా, నచ్చితే బస్తా పంపిస్తా' అంటారు. బస్తా పాతది కాకపోతే, అన్నం ముద్దయితే, వెనక్కి తీసుకుంటారు. మార్ట్‌లో ప్యాకెట్ మీద 'సోనా మసూరి' అని ఉంటుంది గానీ, లోపలున్నది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకమా, వేరేదా, కొత్త పంటా పాతదా అని అడిగితే చెప్పే మనిషి ఉండడు.

ఈ మధ్య ముంబై నుంచి వచ్చిన కుర్రాడొకడు 'ఆంటీ, ఇక్కడ బస్తా 26 కిలోలేంటి, విచిత్రంగా?' అన్నాడు. విచిత్రమేమీ లేదు, జీఎస్టీ. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోలు, అంతకు లోపు అయితే 5 శాతం పన్ను. ఆపైన లేదు. కిలో 60 అనుకుందాం. 25 కిలోల బస్తా 1,500, పన్ను 75 కలిపితే 1,575. 26 కిలోల బస్తా 1,560. కిలో ఎక్కువ వస్తుంది, పదిహేను రూపాయలు తక్కువ పడుతుంది. ఆ ఒక్క కిలో ఎందుకు కలిపారో ఇప్పుడు అర్థమైందిగా.

పెద్ద ప్యాకెట్ కొంటే ఎప్పుడూ లాభమేనా?

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కిందటి నెల టీపొడి దగ్గర నిలబడ్డాను. అరకిలో 262, కిలో 540. రెండు అరకిలోలు కొంటే 524కే వస్తోంది. పెద్దది చవకన్న నమ్మకంతో అందరూ కిలో ప్యాకెట్టే ట్రాలీలో వేసుకుంటున్నారు. ఆ వారం ఆఫర్ చిన్న ప్యాకెట్ మీద ఉంది, అంతే.

నూనె దగ్గర ఇంకో రకం తికమక. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు, కిలో కాదు. అది మామూలే. కానీ పక్కనే చూడ్డానికి అచ్చు అలాగే ఉండే ప్యాకెట్‌లో 850 గ్రాములే ఉండొచ్చు. లీటరు 150, ఇది 143 అనుకోండి. ఏడు రూపాయలు తక్కువ కదా అని చెయ్యి దానిమీదికే పోతుంది. కిలో లెక్కేస్తే మొదటిది 165 లోపు, రెండోది 168 పైన. ఒకప్పుడు నూనె, టీపొడి, బిస్కెట్ల లాంటివి ఇన్ని గ్రాముల్లోనే ప్యాక్ చేయాలని నిబంధన ఉండేది, అది తీసేశారు. దానికి బదులు గ్రాముకి లేదా కిలోకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలన్నారు. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకి, కిలో దాటితే కిలోకి.

ఒక మెలిక ఉంది. ఆ అంకె ఎమ్మార్పీ మీద లెక్కకట్టింది, మార్ట్ తగ్గించిన రేటు మీద కాదు. అందుకని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయాల్సిందే. రేటుని గ్రాములతో భాగించండి, చాలు. మొదటి నెల నామోషీగా ఉంటుంది, రెండో నెలకి పక్కనున్నవాళ్లు మీ ఫోన్‌లోకి తొంగి చూస్తారు.

అలాగే, నూనె ప్యాకెట్ మీద బొమ్మ వేరుశెనగ కాయలదే ఉన్నా కింద 'బ్లెండెడ్' అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే రెండు రకాల నూనెలు కలిపారని. ఏది ఎంత శాతమో కూడా రాసి ఉంటుంది.

బోర్డు మీద ఒక రేటు, బిల్లులో ఒక రేటు పడింది. ఏం చేయాలి?

అక్కడే, కౌంటర్ దగ్గరే అడగాలి. నాకు బాగా తగిలిన దెబ్బ ఇది. ఒక మార్ట్‌లో ఫ్లోర్ క్లీనర్ 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని బోర్డు కనిపించి రెండు తీసుకున్నాను. వెనక లైనులో పదిమంది, ముందు స్కానర్ టిక్కుటిక్కుమంటోంది, చూడకుండానే ఫోన్‌పే చేసేశాను. ఇంటికొచ్చి గీతలు గీస్తుంటే రెండింటికీ డబ్బులు పడ్డాయి. మండుటెండలో వెనక్కి వెళ్తే కౌంటర్ అమ్మాయి బిల్లు చూసి, నన్ను ర్యాక్ దాకా తీసుకెళ్లి, బోర్డు కింద వేలు పెట్టి చూపించింది. 'మేడమ్, ఆఫర్ నిమ్మ వాసన దానికి. మీరు తీసుకుంది మల్లె.' నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నిమ్మవాసనవి ఒక్కటి కూడా లేవు, ఆ ఖాళీలోకి మల్లెవి జరిపి సర్దారు. బోర్డు మాత్రం అక్కడే ఉంది. గట్టిగా అడిగితే మేనేజర్ వచ్చి ఒక సీసా వెనక్కి తీసుకుని డబ్బులిచ్చాడు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ర్యాక్‌లు సర్దేది ఆమె కాదు.

అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. ఆఫర్ బోర్డుని ఫోన్‌లో ఫొటో తీస్తాను. ఆఫర్ సరుకంతా ట్రాలీలో పైన పెట్టుకుని ముందే స్కాన్ చేయిస్తాను. అవి పడుతున్నప్పుడు తెర మీద చూడాల్సినవి నాలుగైదే ఉంటాయి, తర్వాత ఎలా పడితే అలా పడనీ.

ఎమ్మార్పీ మీద జీఎస్టీ వేరుగా వేస్తారా?

వేయకూడదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. బిల్లు కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని కనిపించేది మీరిచ్చిన డబ్బులో పన్ను ఎంతో విడదీసి చూపించడమే. ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటిసబ్బులు, షాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నెయ్యి, వెన్న 12 నుంచి 5కి దిగాయి. బట్టల పౌడరుకి మాత్రం 18 అలాగే ఉంది. 'అన్నీ తగ్గాయన్నారు, సర్ఫు ఎందుకు తగ్గలేదు' అని మా మూడో అంతస్తు పిన్నిగారు మార్ట్‌లో పాపం పెద్ద గొడవే చేశారు.

డేట్ దగ్గరపడ్డ సరుకు సగం ధరకి ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

ఎన్నాళ్లలో వాడతారో చూసుకుని తీసుకోండి. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాకా రుచి, కరకర బాగుంటాయని. 'యూజ్ బై' లేదా 'ఎక్స్‌పైరీ' అని ఉంటే ఆ తేదీ తర్వాత ముట్టుకోకూడదు. డేట్‌కి పదిరోజులున్న బిస్కెట్ ప్యాకెట్లు మా ఇంట్లో రెండ్రోజులు కూడా ఆగవు కాబట్టి తెచ్చేస్తాను. ఇడ్లీ పిండి, పనీర్, పెరుగు అయితే ఎంత తగ్గించినా తీసుకోను. కొత్త డేట్ సరుకు ర్యాక్‌లో వెనక ఉంటుందని అందరికీ తెలిసిందే. చెయ్యి లోపలిదాకా పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఫోన్ నంబరు అడుగుతున్నారు, ఇవ్వాల్సిందేనా?

అక్కర్లేదు. నంబరిస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకి చెప్పింది. పాయింట్లు కావాలంటే ఇవ్వండి, మీ ఇష్టం.

సంచికి డబ్బులు తీసుకోవచ్చా?

ముందే తెలిసేలా చెప్పకుండా, బిల్లు వేసేటప్పుడు సంచికి డబ్బులు కలపడం తప్పని ఒక పెద్ద చైన్ మీద వచ్చిన కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే చెప్పింది. ఇప్పుడు చాలాచోట్ల గేటు దగ్గరే బోర్డు పెట్టేస్తున్నారు. పది రూపాయల కోసం కోర్టు దాకా ఎవరు వెళ్తారు గానీ, స్కూటర్ డిక్కీలో రెండు గుడ్డ సంచులు పడేసుకోండి. లోపలికి సంచి తీసుకెళ్లనివ్వకపోతే లగేజీ కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఆ టోకెన్ పోగొట్టుకోవద్దు, దాన్ని వెతకడానికి పట్టే టైమ్‌లో ఇంకోసారి షాపింగ్ అయిపోతుంది.

పాడైన సరుకు వెనక్కి తీసుకుంటారా? 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అని రాసి ఉంది.

రాసుకున్నంత మాత్రాన చెల్లదు. లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లు మాత్రం ఉండాలి. ఆ పల్చటి కాగితం మీద అచ్చు నెల తిరిగేసరికి వెలిసిపోతుంది, అందుకే ఇంటికి రాగానే ఫొటో తీసుకోండి. రవ్వలో పురుగులుంటే ప్యాకెట్‌తో సహా తీసుకెళ్లండి, డబ్బాలో పోసుకున్నాక వెళ్తే మాట నిలవదు. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను ఒక్కసారే చేశాను, అదీ వేరే గొడవకి. ఫిర్యాదు నంబరు మెసేజ్ చూపించగానే పని జరిగింది.

ఎప్పుడు వెళ్తే రద్దీ ఉండదు?

ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు లోపు ఆదివారం సాయంత్రం వెళ్లారంటే మీ ఓపికకి దండం పెట్టాలి. ట్రాలీకి ట్రాలీ తగిలి, నూనెల వరసలో ఒకాయన ఫోన్‌లో ఇంటావిడకి 'ఏ రంగు ప్యాకెట్?' అని వీడియోకాల్‌లో చూపిస్తూ దారంతా అడ్డంగా నిలబడతాడు. ఏ నెలైనా అదే దృశ్యం, మనిషే మారతాడు. మామూలు రోజుల్లో పొద్దున తెరిచిన గంటలోపు వెళ్లండి. నెల నడిమధ్య అయితే ఇంకా హాయి. సంక్రాంతికి బెల్లం, నువ్వులు పండగ వారంలో కొనాలనుకోవద్దు, డిసెంబర్ ఆఖర్లోనే తెచ్చేసుకోండి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

చాక్లెట్లు బిల్లింగ్ కౌంటర్ పక్కన, సరిగ్గా నాలుగేళ్ల పిల్లల కళ్ల ఎత్తులో ఎందుకు పెడతారో ఆలోచించండి.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు ఉండగా మార్ట్ ఎందుకు?

కొత్తిమీర మర్చిపోయినప్పుడు, చుట్టాలు దిగబడ్డప్పుడు నేనూ యాప్‌లోనే తెప్పిస్తాను. నెల సరుకులకి మాత్రం కాదు. డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ అని చివర్లో చేరేవి కలిపి చూసుకోండి. యాప్‌కున్న మంచి గుణం ఒకటి ఒప్పుకోవాలి. మొత్తం ఎంతయిందో ప్రతి వస్తువు వేసినప్పుడూ కనిపిస్తుంది. ట్రాలీకి ఆ మీటర్ లేదు.

మరి మన వీధి కిరాణా కొట్టు ఆయన సంగతి?

ఇది ఎవరూ నేరుగా అడగరు. మార్ట్ సంచులతో ఆయన కొట్టు ముందు నుంచి రావాల్సి వచ్చినప్పుడు అవతలి వైపు నుంచి నడుస్తారు, నేనూ నడిచేదాన్ని. ఒకరోజు ఆయనే పిలిచి, 'అక్కా, అక్కడ సర్ఫు ఎంతకిస్తున్నారు?' అని అడిగాడు. చెప్పాను. 'నాకు పడే రేటు కంటే తక్కువ' అని నవ్వాడు. ఇప్పుడు తనే కొన్ని రకాలు మార్ట్‌లో ఆఫర్ ఉన్నప్పుడు తెచ్చుకుని కొట్లో పెట్టుకుంటాడట.

లాక్‌డౌన్‌లో మార్ట్ ముందు సున్నం గీసిన గుండ్రాల్లో రెండు గంటలు నిలబడాల్సి వస్తే, ఈయన వాట్సాప్‌లో చీటీ పెట్టించుకుని రాత్రి తొమ్మిదింటికి గుమ్మం ముందు సంచి పెట్టి వెళ్లాడు. డబ్బులు తర్వాత చూద్దామన్నాడు. అందుకే గుడ్లు, బ్రెడ్డు, అగరొత్తులు, పండగ పూట కొబ్బరికాయలు, సగం నెలలో అయిపోయిన పప్పు ఇప్పటికీ ఆయన దగ్గరే. కిలో మీద ఐదారు రూపాయలు ఎక్కువ పడుతుంది. ఆ వస్తువుల పక్కన నేను గీత గీయను.

మీరు వెళ్లేటప్పుడు మేమూ రావచ్చా?

రావచ్చు. నెల రెండో మంగళవారం, పొద్దున పదిన్నరకి సెల్లార్‌లో లిఫ్ట్ దగ్గర ఉండండి. చీటీ రాసుకుని రండి, సంచులు మీవి మీరు తెచ్చుకోండి. కారులో నలుగురికే చోటుంది, వచ్చేటప్పుడు సరుకులుంటాయి కాబట్టి ముగ్గురికే.